అరచేతి తూకం

ఆ వీధిలో కంప్యూటరు కొనేవాళ్ళు తమ్ముడి దగ్గర కొనేవాళ్ళు. కొన్నది మంచిదో కాదో అక్కని అడిగేవాళ్ళు.

ఇద్దరిదీ ఒకే కొట్టు. నడుమ ప్లైవుడ్ గోడ. అటు గాజు బీరువాలు, రంగు దీపాలు, కొత్త అట్టపెట్టెల వాసన. ఇటు ఒక పాత బల్ల, దాని మీద సోల్డరింగ్ ఐరను, మీటరు, బిస్కట్ డబ్బాల్లో స్క్రూలు. గోడ కప్పు దాకా పోలేదు. రెండడుగుల కిందే ఆగిపోయింది. కొట్టు మొత్తానికి ఉన్న ఒక్క సీలింగు ఫ్యాను సరిగ్గా నడిమధ్యన ఉండడమే అందుకు కారణం. దాని రెక్కలు సగం ఇటు, సగం అటు తిరిగేవి. స్విచ్చి మాత్రం అటువైపు ఉండిపోయింది.

గోడలకి చెవులుంటాయంటారు. ఈ గోడకి నోరు కూడా ఉండేది.

వీధి ఆమెని తూకం అక్క అని పిలిచేది. గోడలోని కరెంటుని తీసుకుని కంప్యూటరులోని ఒక్కో భాగానికి కావలసినంత కొలిచి పెట్టే ఇనప డబ్బా ఒకటుంటుంది. పవర్ సప్లై అంటారు. దాన్ని ఆమె చేతికిస్తే ఎడమ అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకునేది. మూడు లెక్కపెట్టేంతసేపు. ఆ తర్వాత "ఉంది" అనేది. లేదా "లేదు" అనేది. ఉంది అంటే లోపల రాగి చుట్టలు దిట్టంగా ఉన్నాయని, వేడిని లాగే అల్యూమినియం రెక్కలు మందంగా ఉన్నాయని. లేదు అంటే పైన పటారం, లోన లొటారం.

ఇరవై రెండేళ్ళలో ఆ మాట ఒక్కసారి కూడా బోర్లా పడలేదు. అది నిలబడినన్నాళ్ళే ఇటు సగం కొట్టు నిలబడుతుందని ఆమెకి తెలుసు. తమ్ముడికి ఇంకా బాగా తెలుసు.

నాన్న రేడియోలు బాగుచేసిన కాలం నాటి విద్య అది. కొత్త సరుకు సీలు విప్పితే గ్యారంటీ పోతుంది. విప్పకుండానే లోపల ఏముందో తెలియాలి. అందుకని ఆయన అరచేతిని సాధన చేశాడు. కూతురికి పదిహేనేళ్ళప్పుడు నేర్పాడు. "ఎంత బరువో చూస్తే సగమే తెలుస్తుందే. బరువు ఎక్కడుందో చూడు," అన్నాడు. కొడుక్కీ నేర్పబోయాడు. వాడి చెయ్యి మొద్దు. వాడు డిప్లొమా చదివాడు, లేబుళ్ళు చదివాడు, అచ్చయినదాన్నే నమ్మాడు.

నాన్న పోయిన రెండో నెలలో అమ్మ కంటి ఆపరేషనుకి ఆమె నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. తిరిగి వచ్చేసరికి నాన్న పనిచేసిన బల్ల లేదు.

"చెద పట్టింది. పాత సామాన్లవాడికి వేసేశాను. గాజు బీరువాకి చోటు కావొద్దూ?" అన్నాడు తమ్ముడు.

ఆమె పాత సామాన్ల కొట్టుకి నడిచి వెళ్ళింది. బల్లని తోపుడుబండి మీదికి ఎక్కించి తనే తోసుకుంటూ తెచ్చింది. వచ్చేసరికి కొట్టు నడుమ ప్లైవుడ్ నిలబడి ఉంది. బల్ల ఆనవాలు కూడా తన వైపు కనపడకూడదని అతను దాన్ని దిగగొట్టించాడు.

అది జరిగి ఆరేళ్ళు. అప్పటినుంచి వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. ఒకరి గురించి ఒకరు, వచ్చినవాళ్ళతో, గోడకి వినపడేలా మాట్లాడారు.

ఒక శుక్రవారం పొద్దున డ్రైవరు వచ్చాడు.

ముప్పై ఒక్కేళ్ళు బస్సు తోలి దిగిపోయిన మనిషి. దిగినా కాళ్ళు ఊరుకోలేదు. ఒక గది అద్దెకి తీసుకుని, పాత బస్సు సీటు, నిజం స్టీరింగు బిగించి, ఎదుట మూడు పెద్ద తెరలు పెట్టాడు. ముందు అద్దం, ఎడమ అద్దం, కుడి అద్దం. ఒక్కో తెరకి ఒక్కో గ్రాఫిక్స్ కార్డు. వచ్చినవాళ్ళు సీట్లో కూర్చుని కొండల్లో, వంతెనల మీద బస్సు తోలే ఆట ఆడుకుంటారు. ఆదివారం పది గంటలకి ప్రారంభం. బంధువులందరికీ చెప్పేశాడు.

కార్డులు మూడూ తమ్ముడి దగ్గరే కొన్నాడు. ఇప్పుడు మిషను పెట్టెని, రెండు పవర్ సప్లైలని బల్ల మీద దించాడు.

"చూడమ్మా తూకం. ఈ నల్లది మీ తమ్ముడు ఇచ్చాడు. ఈ వెండిరంగుది వెనకవీధి హోల్‌సేలువాడు ఇచ్చాడు. నచ్చనిది వెనక్కి తీసుకుంటామన్నారు ఇద్దరూ. ఏది పెట్టమంటావు?"

"నన్నడిగితే చెప్పనా?" అన్నాడు గోడ అవతల నుంచి తమ్ముడు.

"అడిగింది ఇటు కదండీ. పక్కింటివాళ్ళకి అంత ఆత్రం దేనికో," అంది ఆమె డ్రైవరుతో.

"ఇదిగో, నేను కండక్టర్ని కాను, అటు చీటీ ఇటూ ఇటు చీటీ అటూ మొయ్యడానికి," అన్నాడు డ్రైవరు. "ముందు పని చూడు."

ఆమె మిషను మూత తీసి కార్డులని ఒకటొకటిగా చూసింది. వేలితో లెక్క చెప్పింది.

"ఒక్కో కార్డు రెండువందల యాభై వాట్లు తింటుంది. మూడింటికి ఏడువందల యాభై. ప్రాసెసరుకి నూట యాభై. ఫ్యాన్లూ డిస్కులూ అన్నీ కలిపి వంద. వెయ్యి."

"అయితే వెయ్యిది చాలుగా?"

"మీ బస్సు ఎంతమందికి?"

"నలభై నాలుగు సీట్లు."

"సెలవు రోజున ఎంతమంది ఎక్కేవాళ్ళు?"

"తొంభై. మెట్ల మీద ఇంకో ఆరుగురు."

"ఇదీ అంతే. ఆటలో మలుపు తిరిగి దృశ్యం మారిందంటే మూడు కార్డులూ కలిసి ఒక్క గుక్క ఎక్కువ లాగుతాయి. రెప్పపాటే. ఆ రెప్పపాటుకి తట్టుకోవాలి. పదమూడు వందలకి తగ్గితే నేను ఒప్పుకోను."

"నేనిచ్చింది సరిగ్గా పదమూడు వందలే," అంది గోడ. "చెప్పండి ఆవిడగారికి. కొత్త రకం. తేలిగ్గా ఉంటుంది, గట్టిగా పనిచేస్తుంది."

"తేలిక మాటలు ఆయనకి మొదట్నుంచీ అలవాటే," అంది ఆమె.

నల్లదాన్ని అరచేతిలో పెట్టుకుంది. కిలోన్నర ఉంటుందేమో. పదమూడు వందల వాట్లకి అంత తేలికైనది ఆమె చేతికి ఇంతవరకూ తగల్లేదు. అయినా బరువు నాలుగు వైపులా సమంగా పరుచుకుని ఉంది, కదపని నీళ్ళలా. ఆమె దాన్ని కింద పెట్టింది.

వెండిరంగుది తీసుకుంది. దాని మీద పెద్దక్షరాలతో పదహారు వందలని ఉంది. మణికట్టు కుంగింది. మూడు కిలోలకి తక్కువ ఉండదు. కళ్ళు మూసుకుంది.

ఒకటి. రెండు.

మూడు దగ్గర చిటికెన వేలు కొంచెం వంగింది. బరువు అటే ఉంది. అంతా ఒక మూలే ఉంది. బొటనవేలి వైపు బోలుగా ఉంది.

అప్పుడు అవతల నవ్వు వినపడింది.

"ఇంకా కళ్ళు మూసుకునే ఉన్నారా? నిద్రపోయారేమో కాస్త తట్టి చూడండి. మూసుకుంటే ఏం తెలుస్తుంది, తెరుచుకుని లేబులు చదవమనండి. పన్నెండు వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లని రాశాడో చదవమనండి. ఆ వెండిది దండగమారి సరుకు. అక్షరాలు వచ్చుగా ఆవిడకి?"

అటువైపు ఉన్న కొనుగోలుదారులు ఇద్దరు ముగ్గురు నవ్వారు. డ్రైవరు కూడా మీసం కింద నవ్వాడు.

ఆమె కళ్ళు తెరిచింది. లేబులు పైకే ఉంది. దాన్ని బోర్లా తిప్పి బల్ల మీద పెట్టింది.

"ఇది ఉంది," అంది. "అది లేదు. అది పెట్టారంటే మీ బస్సు మొదటి గుంటలోనే కూర్చుంటుంది."

"మళ్ళీ మాట మార్చవు కదా?"

"నా మాట మారదు."

డ్రైవరు నల్లదాన్ని గోడ పైనుంచి తమ్ముడికి అందించాడు. "ఇదుగో నాయనా, నీ కొత్త రకం."

"మంచిది," అన్నాడు తమ్ముడు. "ఆదివారం ఫొటోలు తీయించుకోండి. మళ్ళీ తీయించుకునే వీలుంటుందో లేదో."

ఆమె వెండిరంగు డబ్బాని బిగించింది. ఒక్కో కార్డుకి రెండేసి తీగలు, ఆరు తీగలు. మిషను లేచింది. మూడు కార్డుల ఫ్యాన్లూ తిరిగాయి. ఖాళీ బస్సుని షెడ్డులో ఇంజను వేసి చూసినట్టు అరగంట నడిపి చూసింది. సంతృప్తిగానే ఉంది. చిటికెన వేలిని మాత్రం ఆ మధ్యాహ్నమంతా వంచి వంచి చూసుకుంది.

సోమవారం కొట్టు తలుపు తీయబోయేసరికి డ్రైవరు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన మిషను. మాడిన వాసన వీధి మలుపు దాకా వచ్చింది.

"ఉంది అన్నావు," అన్నాడు.

ఆమె తాళం చెవి చేత్తో పట్టుకుని నిలబడింది.

"నిన్న మా వియ్యంకుణ్ణి మొదట కూర్చోబెట్టాను. పెద్దమనిషి, స్టీరింగు పట్టుకుని మురిసిపోయాడు. ఊరు దాటాడు, కొండ దిగాడు, వంతెన ఎక్కాడు. మూడు అద్దాల్లోనూ నది. ఆ నది చూసి అందరూ అబ్బా అన్నారు. అంతే, టప్‌మంది. ముందు ఎడమ అద్దం ఆరిపోయింది. తర్వాత అన్నీ. తర్వాత పొగ. వియ్యపురాలు 'బస్సు తగలబడింది' అని అరిచింది. ముప్పై ఒక్కేళ్ళలో నా బండిలో ఒక్కరోజు పొగ రాలేదు. నిన్న వచ్చింది. కదలని బండిలో."

అటువైపు షట్టరు లేచిన చప్పుడయింది. ఫ్యాను తిరగడం మొదలుపెట్టింది.

ఆమె మిషనుని బల్ల మీద పెట్టింది. పొగ మాట అప్పటికే వీధి తిరిగింది. టీ కొట్టువాడు వచ్చాడు, జిరాక్సు ఆయన వచ్చాడు, ఇంకో నలుగురు వచ్చారు. తూకం అక్క మాట బోర్లా పడడం ఎవరూ చూసి ఎరగరు. చూద్దామని వచ్చారు.

ఆమె వెండిరంగు డబ్బాని విప్పింది. ఇరవై రెండేళ్ళలో కొత్త సప్లై సీలుని ఆమె చింపడం అదే మొదటిసారి. నాలుగు స్క్రూలు. మూత లేచింది.

లోపల చిన్నపిల్లల బొమ్మకారులో ఉండేంత రాగిచుట్ట ఒకటి. రేకు ముక్కల్లాంటి అల్యూమినియం రెక్కలు. ఒక కెపాసిటరు పగిలి నల్లగా కక్కింది. చిటికెన వేలు వంగిన మూల, అరంగుళం మందాన ఒక ఇనప బిళ్ళ. జిగురు వేసి అతికించి ఉంది. ఏ తీగా దానికి పోలేదు. బరువు కోసమే ఉంది.

"ఓరి వీడి దుంపతెగ," అన్నాడు టీ కొట్టువాడు.

ఆమె డబ్బాని తిప్పి అప్పుడు లేబులు చదివింది. పన్నెండు వోల్టుల గడిలో నలభై ఆంపియర్లని రాసి ఉంది, చీమతలకాయంత అక్షరాల్లో. కార్డులకి వెళ్ళేది అదే. పన్నెండు నలభైలు నాలుగువందల ఎనభై వాట్లు. పదహారు వందలు పైన రంగు స్టిక్కరు మీదే.

ఒక్క కార్డుకి, ప్రాసెసరుకి సరిపోతుంది. తొంభై మందిని తోపుడుబండి మీద ఎక్కించినట్టయింది.

డ్రైవరు బిళ్ళని వేలితో తట్టి చూశాడు. తర్వాత అతని కోపం దారి మళ్ళింది. "అంటే వెనకవీధివాడు నిన్నూ నన్నూ కలిపి ముంచాడన్నమాట. చేత్తో తూచేవాళ్ళు ఉన్నారని తెలిసే ఇనుము పెట్టాడు. పద, వాడి కొట్టు ముందు నిలబడి కడిగేద్దాం. నీ తప్పేముంది ఇందులో?"

ఆ మాట ఆమెకి తాడులా అందింది. పట్టుకుంటే పైకి వచ్చేయొచ్చు. నిలబడ్డవాళ్ళంతా తలూపారు కూడా. తూకం అక్క ఓడిపోలేదు, మోసపోయింది. రెంటికీ చాలా తేడా ఉంది.

అప్పుడే తమ్ముడు వచ్చాడు. ఆరేళ్ళలో మొదటిసారి గోడకి ఇటువైపు. లోపలికి అడుగు పెట్టలేదు. మెట్టు మీద నిలబడి తలుపుకి భుజం ఆనించాడు. ఆమె ఆ తాడు పట్టుకుంటుందని అతనికి తెలుసు. పట్టుకోగానే ఏమనాలో సిద్ధం చేసుకుని వచ్చాడు. ఆ ముఖం నాన్న ముఖమే. అదే ఆమెకి ఎక్కువ మంట.

"వాడు మోసం చేశాడు, నిజమే. అది వాడి బతుకు," అంది ఆమె డ్రైవరుతో. "మోసాన్ని పట్టుకోవడం నా బతుకు. చెయ్యి దాన్ని పట్టుకుంది. బరువంతా ఒక మూలే ఉందని చెప్పింది. నేనే వినలేదు."

"వినకపోవడమేంటమ్మా?"

"అది వద్దని అటునుంచి ఆయన అన్నాడు. ఆయన వద్దన్నాడు కాబట్టి నాకు అదే కావాలనిపించింది."

జిరాక్సు ఆయన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"ఫ్యాను చప్పుడులో సరిగ్గా వినపడలేదు," అన్నాడు తమ్ముడు, టీ కొట్టువాడితో. "ఇంకోసారి చెప్పమనండి."

ఆమె తల ఎత్తింది.

"ఫ్యాను ఆపమనండి," అంది.

తమ్ముడు తలుపు మీంచి భుజం తీశాడు. తర్వాత అటువైపు వెళ్ళాడు. స్విచ్చి టక్కుమంది. రెక్కలు నెమ్మదించాయి, ఒక్కొక్కటీ విడిగా కనపడింది, చివరికి గోడ మీదుగా అడ్డంగా ఆగాయి. అతను తిరిగి వచ్చి మెట్టు మీద నిలబడ్డాడు. వీధిలో సైకిలు బెల్లు ఒకటి వినపడింది. తర్వాత అదీ లేదు.

"ఆయన చెప్పిన నల్లది సరైనది," అంది ఆమె, ఒక్కో మాటా బల్ల మీద పెడుతున్నట్టు. "చేతికి సమంగానే ఉంది. నాకు తెలిసింది. తెలిసీ లేదన్నాను. వెండిది తప్పు. తెలిసీ ఉందన్నాను. ఆదివారం పొగ నా వల్ల వచ్చింది."

తమ్ముడు సిద్ధం చేసుకొచ్చిన మాటల్లో ఒక్కటీ దీనికి అతకలేదు. "సంతోషం," అన్నాడు చివరికి. చెయ్యి చాచి బల్ల మీది ఇనప బిళ్ళని తీసుకున్నాడు. "ఇది నా దగ్గరుంటుంది."

అటు వెళ్ళి నల్ల సప్లైని గోడ పైనుంచి అందించాడు. ఫ్యాను వెయ్యలేదు.

ఆమె ఉక్కలో పని చేసింది. నల్లదాన్ని బిగించి, ఈసారి ఆట నడిపించి, వంతెన మీద బస్సుని మూడు గంటలు అటూ ఇటూ తిప్పించింది. చెమట కార్డుల మీద పడకుండా మెడకి తువ్వాలు చుట్టుకుంది. రెండు కార్డులు బతికాయి. మూడోది చచ్చింది.

"కార్డు ఇక్కడే ఉంచండి. కాలిన భాగం మార్చి అయిదు రోజుల్లో లేపుతాను," అంది.

"లేవకపోతే?"

"లేపుతాను."

"సరే. అప్పటిదాకా ఎడమ అద్దం లేకుండానే తోలతాను. అలాంటి బండిని ఏడాది తోలాను, నాకేం కొత్త కాదు," అన్నాడు డ్రైవరు. మిషనుని భుజానికెత్తుకుని మెట్టు దిగాడు. దిగి వెనక్కి తిరిగాడు. "కార్డు కోసం వస్తాను. ఆ తర్వాత రాను. నిజం చెప్పావు, బాగానే ఉంది. కాని పొగ వచ్చాక చెప్పావు."

అయిదో రోజున కార్డు లేచింది. అతను వచ్చి తీసుకున్నాడు. మాట తప్పే మనిషి కాదు, మళ్ళీ రాలేదు.

తమ్ముడు ఇనప బిళ్ళని తన బల్ల మీద, కాగితాలు ఎగరకుండా పెట్టాడు. ఎవరైనా ఏ వస్తువునైనా పట్టుకుని తటపటాయిస్తే బిళ్ళని వాళ్ళ చేతిలో పెట్టేవాడు. "తూకం చూడండి. ఉందా, లేదా?" అనేవాడు. అటువైపు నవ్వులు. వాళ్ళు నవ్వి నవ్వి విసిగిపోయి మానేసేదాకా ఆమె వింది. ప్లైవుడ్ పలకల సందులోంచి ఆ బిళ్ళ అంచు కనపడేది. సందులో గుడ్డముక్క కుక్కుదామనుకుని కుక్కలేదు.

మూడు వారాలు ఫ్యాను తిరగలేదు, ఒక్క సప్లై కూడా ఆమె బల్ల మీదికి రాలేదు. తెగిన చార్జర్లు, తిరగని ఫ్యాన్లు వచ్చాయి. ఆమె నాన్న భూతద్దాన్ని దుమ్ము దులిపి, కొట్టులో మూలపడ్డ సప్లైల లేబుళ్ళన్నీ చదివింది. ప్రతి దాన్నీ చదివాక చేతిలోకి తీసుకుంది. కొన్నిచోట్ల అక్షరం, చెయ్యి ఒకటే చెప్పాయి. కొన్నిచోట్ల చెప్పలేదు. అలాంటివాటిని విప్పి చూసింది. తేలికైన కొత్త రకాల్లో చెయ్యే తప్పింది, రెండుసార్లు. నాన్న చెయ్యి కూడా అక్కడ తప్పేదే. ఆ మాట ఒప్పుకోవడానికి ఆమెకి ఒక పూట పట్టింది.

నాలుగో వారంలో ఫొటో స్టూడియో ఆవిడ వచ్చింది. రెండు గ్రాఫిక్స్ కార్డుల మిషను కొత్తగా కట్టించుకుంటోంది. తమ్ముడి దగ్గర నుంచే రెండు సప్లైలు, అక్కకి చూపించి ఒకటి తీసుకుంటానని చెప్పి తెచ్చింది. ఒక్కో చేతిలో ఒకటి పట్టుకుని గడప దగ్గర నిలబడింది.

"అక్కా, చూస్తావా? అంటే, చూస్తే చూడు, బలవంతమేం లేదు," అంది. కళ్ళు పక్కకి తిప్పుకుని అంది.

"ఆవిడ ఎడమ చేతిలోది మంచిది," అంది గోడ. "చెప్పండి లోపల ఉన్నావిడకి. ఈసారైనా వింటారేమో."

ఆమె రెండూ అందుకుంది. భూతద్దం పెట్టి రెండు లేబుళ్ళూ చదివింది. పన్నెండు వోల్టుల గడిలోని అంకెలని కాగితం మీద రాసుకుని హెచ్చవేసింది. తర్వాత ఎడమది అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. దింపింది. కుడిది పెట్టుకుంది. మూడు దాటింది, పది దాటింది. స్టూడియో ఆవిడ కాళ్ళు మార్చుకుని నిలబడింది. ఎడమది మళ్ళీ తీసుకుంది.

అవతల ఎవరూ నవ్వలేదు.

"మీ కుడిచేతిలోది," అంది.

అవతల బల్ల మీద ఇనప బిళ్ళ జరిపిన చప్పుడు.

"కుడిదే," అంది గోడ. "భయపడి తలూపుతారేమో చూద్దామని అన్నాను."

ఆమె కుడిదాన్ని స్టూడియో ఆవిడకి ఇచ్చింది. ఎడమదాన్ని గోడ పైనుంచి అందించింది. అటునుంచి ఒక చెయ్యి దాన్ని తీసుకుంది. ఆమె వేళ్ళు తగలకుండా తీసుకుంది.

"వెళ్తూ ఆయనకి చెప్పండి," అంది ఆమె, "ఫ్యాను వెయ్యమని."

స్టూడియో ఆవిడ వెళ్ళింది. చెప్పింది కూడా. చెప్పడం ఆమెకి వినపడింది.

ఫ్యాను తిరగలేదు. ఆమె చెమట పట్టిన అరచేతిని తువ్వాలుకి తుడుచుకుని, తర్వాతి పని బల్ల మీదికి లాక్కుంది.